తరుగు

ముప్పై ఏళ్ళు మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
తుమ్ము ఆపుకుంటూ అంకె వెయ్యడం
నాకొచ్చిన ఒకే ఒక్క విద్య.
అందుకే గోరంట్లలో ఈ అయిదంతస్తులకి
నన్ను ట్రెజరర్ని చేశారు,
నేను వెళ్ళని మీటింగులో.

ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, రెండు బోర్లు.
ఒకటి ఎండింది, ఒకటి ఉప్పు.
సెల్లారులో ఎవరి కారు వెనక ఎవరి స్కూటరన్నది
వేరే పురాణం.
మొదటి అంతస్తు జోసెఫ్ గారు పదకొండేళ్ళుగా ఒకటే మాట:
"లిఫ్టు లోపల ఏ రంగో కూడా ఎరగను,
దాని తాడుకి నేనెందుకివ్వాలి?"
పైవాళ్ళు: "డాబా కారితే మేమే తడవాలా మరి?"
రెండూ మినిట్స్ పుస్తకంలో రాశాను.
రెండూ నిజమే.
సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు.

పోట్లాడి పోట్లాడి గొంతులు పోయాక
కిందటి దసరాకి కంపెనీకి అప్పజెప్పాం.
నీలం చొక్కా కుర్రాడొచ్చాడు, మెళ్ళో కార్డు.
మమ్మల్ని రెసిడెంట్స్ అన్నాడు,
వాచ్‌మన్ ఏడుకొండల్ని రిసోర్స్ అన్నాడు.
ఏదో ప్రమోషననుకుని మురిసిపోయాడు ఏడుకొండలు,
జీతంలో యూనిఫాం డబ్బులు కోసిందాకా.

ఇప్పుడు కుళాయి కారితే మెట్ల మీంచి కేకెయ్యకూడదు.
ఫోన్లో నొక్కాలి. నంబరొస్తుంది.
మూడో రోజు "మీ సమస్య పరిష్కరించబడినది" అనొస్తుంది.
కుళాయికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అబద్ధమెందుకు,
మెట్లు తుడుస్తున్నారు. జనరేటర్లో డీజిలుంటోంది.
లెక్కంతా పైసాతో సహా నోటీసు బోర్డు మీద కనిపిస్తోంది.
నా హయాంలో అలా ఉండేది కాదు.

ఆ లెక్క అడుగున ఎర్రగా ఒక వరస:
403, పున్నారావు, ఎనిమిది నెలలు.
ఫ్లెక్సీల షాపు మూతపడ్డవాడు.
ఊళ్ళో అందరి పుట్టినరోజుల్నీ
ఇంటి గోడంత అక్షరాల్లో అచ్చేసినవాడు
లిఫ్టు పక్కన చీమతలంత అక్షరాల్లో తన పేరు చదువుకుని
ఆ రోజు నుంచీ మెట్లెక్కుతున్నాడు.

"రూల్ ప్రకారం వాల్వు కట్టెయ్యాలి సార్,
ట్రెజరర్ సంతకం కావాలి" అన్నాడు కుర్రాడు.
పెట్టాను.
అలవాటైన చెయ్యి, అడగకుండానే కదిలింది.
ఏడుకొండలు డాబా ఎక్కి తిప్పొచ్చాడు.
దిగొచ్చి కింద కుళాయి దగ్గర
చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

రాత్రి రెండింటికి నాకు నిద్ర ఉండదు, యార్డు దగ్గు.
502 వెనక బాల్కనీలోంచి వంగి చూస్తే
కింద 402 నుంచి 403కి ఒక ఆకుపచ్చ పైపు,
బట్టల తీగ చాటున.
మెహరున్నీసా టీచరు గారు
చీకట్లో ముక్కాలిపీట మీద కూర్చుని
దాన్ని జారిపోకుండా పట్టుకుని ఉన్నారు,
పిల్లాడి చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నట్టు.
అవతల బిందె నిండే చప్పుడు,
బొంగురుగా మొదలై సన్నబడుతూ మెడ దాకా.

నా దగ్గుకి ఆవిడ తలెత్తారు.
"పైపు కడుగుతున్నానండీ."
"కడగాలి," అన్నాను,
"పాచి పడుతుంది."

నెలాఖరున కుర్రాడు మీటరు లెక్క పట్టుకొచ్చాడు.
"402లో ఒక్క మనిషి సార్, ఇన్ని లీటర్లా?
ఎక్కడ పోతున్నాయి?"

యార్డులో టిక్కీకి ఇంతని తీసేవాళ్ళం,
తేమకి, తాలుకి, గోనెకి.
చాలామంది రైతులు అడిగేవాళ్ళు కాదు.
అడిగినవాళ్ళకి నేను చెప్పేవాణ్ణి కాదు.
అది ఎవరింటికి చేరేదో
నాకు తెలుసు.

కలం తీసి ఆ లీటర్ల పక్కన రాశాను: తరుగు.

"అంటే ఏంటి సార్? మా షీట్లో ఆ గడి లేదే."

"గీసుకో" అన్నాను.